సంధి విడదీసి చూడండి

ఎం.ఎస్. చదువు కోసం న్యూజెర్సీకి వచ్చిన ఒక విద్యార్థి, ‘ఇట్స్’, ‘యువర్’ వంటి మాటలకు అపాస్ట్రఫీ (అక్షరాల మధ్య పైన పెట్టే కామా లాంటి గుర్తు) ఎక్కడ పెట్టాలో, ఎక్కడ మానాలో తెలియడం లేదని అడిగారు. ఇక్కడే పుట్టి పెరిగినవారు కూడా దీనిలో తడబడుతుంటారు. కాకపోతే వారు తడబడితే తొందరపాటు అంటారు, మనం తడబడితే ఇంగ్లీషు రాదంటారు.

మేము ముగ్గురం ఎడిసన్‌లో అపార్ట్‌మెంటు ఖాళీ చేసినప్పుడు, డిపాజిట్ తిరిగి ఇమ్మని ఉత్తరం రాసే పని, ఇంగ్లీషు బాగా వచ్చునన్న ధీమాతో నేనే నెత్తిన వేసుకున్నాను. ‘టెనెంట్స్’ అన్న మాటలో అపాస్ట్రఫీని చివరి ఎస్‌కు ముందు పెట్టాను. అలా పెడితే డిపాజిట్ ఒక్క అద్దెదారుడిది అవుతుంది, ఎస్ తరువాత పెడితేనే అందరిదీ. చెక్కు లీజులో మొదటి పేరున్న మిత్రుడికే వచ్చింది. ఆయన అప్పటికే డాలస్‌కు మారిపోయారు. నా వాటా చేతికందేలోగా కొత్త ఇంటి అద్దెకు అప్పు చేయవలసి వచ్చింది. తప్పంతా అపాస్ట్రఫీదేనని నిరూపించలేను గాని, ఇంటి యజమాని మాత్రం నా ఉత్తరాన్నే చూపించారు. న్యూజెర్సీలో డిపాజిట్‌ను సాధారణంగా 30 రోజుల్లోగా తిరిగి ఇవ్వాలి. మిగతా నిబంధనలు మీరే చూసుకోగలరు.

బడిలో సంధులు విడదీసినవారికి ఇదేమంత కష్టం కాదు. ‘ఏమి’, ‘అంటివి’ కలిసి ‘ఏమంటివి’ అయినప్పుడు పోయిన అచ్చుకు మనకు గుర్తేమీ మిగలదు. ఇంగ్లీషులో ఆ చోట అపాస్ట్రఫీ నిలుస్తుంది. కాబట్టి ‘ఇట్స్’ను ‘ఇట్ ఈజ్’ అనో ‘ఇట్ హాజ్’ అనో విడదీసి చదివి, వాక్యం కుదిరితే అపాస్ట్రఫీ పెట్టండి. ‘దాని’ అనే అర్థమైతే పెట్టకండి. రవి కారు అన్నప్పుడు పేరుకు అపాస్ట్రఫీ ఉంటుంది కనుక ‘దాని’కీ ఉంటుందనుకోవడమే అసలు తికమక, ‘హిజ్’, ‘అవర్స్’లకు లేనట్లే దీనికీ లేదు. ‘యువర్’, ‘దెయిర్’, ‘హూజ్’లకూ ‘యు ఆర్’, ‘దే ఆర్’, ‘హూ ఈజ్’ అని విడదీసి చూడడమే పరీక్ష. థాంక్స్ చెప్పినవారికి జవాబుగా రాసే ‘వెల్‌కమ్’ ముందు రావలసినది ‘యు ఆర్’ కుదింపే. గృహప్రవేశం ఆహ్వానాల మీద ఇంటిపేరుకు బహువచనంలో అపాస్ట్రఫీ తగిలించే మన అలవాటు గురించి చెప్పకపోవడమే మేలు.

డబ్బుతో ముడిపడిన ఉత్తరాల్లో మాత్రం కుదింపులు వాడకుండా పూర్తి రూపాలే రాయండి. ఫోన్ తనంతట తానే అపాస్ట్రఫీ చేర్చేస్తుంది కనుక, పంపే ముందు ‘ఇట్స్’ ఉన్న ప్రతి చోటా ఆగి చూడండి. డిపాజిట్ అడిగేటప్పుడు అందరి పేర్లూ రాసి, చెక్కు ఎవరి పేరున, ఏ చిరునామాకు పంపాలో వేరే వాక్యంలో స్పష్టం చేయండి.