సిగ్నల్ దగ్గర ఆగితే ఏసీ వేడిగాలి: గ్యాస్ కంటే ముందు ఫ్యాన్ చూడండి

కారు ఏసీ హైవే మీద చల్లగా ఉండి ట్రాఫిక్‌లో ఆగగానే వేడిగాలి కొడుతోందంటే, చాలావరకు కండెన్సర్ (ముందు గ్రిల్ వెనక ఉండి ఏసీ గ్యాస్ వేడిని బయటికి వదిలే జాలీ లాంటిది) ఫ్యాన్ తిరగట్లేదండి, బండి పరిగెడుతుంటే ఎదురుగాలే కండెన్సర్‌ని చల్లబరుస్తుంది కాబట్టి అప్పుడు తెలీదు.

1. ఇంజన్, ఏసీ ఆన్ చేసి బానెట్ ఎత్తి రెండు మూడు నిమిషాలు ఫ్యాన్ తిరుగుతోందా చూడండి. అందరూ వదిలేసేది ఇదే, నేరుగా వెళ్ళి గ్యాస్ పట్టించేస్తారు. చెయ్యి మాత్రం దగ్గర పెట్టొద్దు, ఏ క్షణమైనా తిరగొచ్చు.
2. తిరగట్లేదా? ఇంజన్ ఆపి ఫ్యూజ్ చూడండి, తర్వాత రిలే (ఫ్యాన్‌కి కరెంటు ఇచ్చే చిన్న స్విచ్ డబ్బా). హారన్ రిలే కూడా అదే నంబరుదైతే దాన్ని ఫ్యాన్ రిలే చోట పెట్టి చూడండి.
3. అవి బాగుంటే మోటారో వైరింగో, ఎలక్ట్రీషియన్‌కి చూపించండి.
4. ఫ్యాన్ బానే తిరుగుతుంటే కండెన్సర్ దుమ్ము మెల్లగా నీళ్ళతో కడగండి, ప్రెషర్ పెడితే కండెన్సర్ మీది సన్నటి రేకులు వంగిపోతాయి.

అప్పటికీ తగ్గకపోతేనే గ్యాస్, అదీ లీక్ చెక్ చేయించాకే.