కళ్ళద్దాలు తీయించుకునే ముందు

చి. శ్రావ్యకు పెద్దమ్మ ఆశీస్సులు.

అద్దాలు అక్కర్లేకుండా లేజర్‌తో కంటి పవర్ తీయించుకుంటానని నువ్వు వాట్సాప్‌లో పంపిన మూడు ఆపరేషన్ ప్యాకేజీలూ చూశాను. ఒకటి బ్లేడ్‌లెస్ లాసిక్, ఇంకొకటి ఫెమ్టో లాసిక్, మూడోది స్మైల్. ఏది మంచిది పెద్దమ్మా అన్నావు. మొదటి రెండూ ఒకటేనే, పేర్లే వేరు. రేటులో అంత తేడా ఎందుకో వాళ్ళనే అడుగు. మెషిన్ సంగతి తర్వాత. ముందు నీ కన్ను దీనికి పనికొస్తుందో లేదో తేలాలి.

పరీక్షలకి రెండు వారాల ముందు నుంచి కాంటాక్ట్ లెన్సులు మానెయ్. లెన్సు కింద కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శకమైన పొర, ఆకారం కాస్త మారుతుంది, అలాంటప్పుడు తీసిన కొలతలు తప్పుతాయి. పొద్దున దాకా లెన్సులు పెట్టుకుని మధ్యాహ్నం వచ్చి పవర్ కొలిచే నా రిఫ్రాక్షన్ గదిలో కూర్చునేవాళ్ళు. వెనక్కి పంపితే నామీద కోపం.

కార్నియాకి రంగురంగుల మ్యాప్ తీస్తారు, దాన్ని టోపోగ్రఫీ అంటారు. కెరటోకోనస్ ఛాయలు ఉన్నాయేమో అందులో చూస్తారు. అంటే కార్నియా పలచబడి ముందుకు పొడుచుకు రావడం. అలాంటి కంటికి లేజర్ చేస్తే జబ్బు ముదురుతుంది. చిన్నప్పుడు ఎండాకాలం వస్తే చాలు, ఎలర్జీతో కళ్ళు తెగ నులుముకునేదానివి. అలా నులమడానికీ ఈ జబ్బుకీ సంబంధం ఉంది, అందుకని ఆ మాట డాక్టరు అడగకపోయినా నువ్వే చెప్పు. మొటిమలకి మాత్రలు వాడుతుంటే అదీ చెప్పు, వాటిలో కొన్ని కళ్ళని పొడిబారుస్తాయి.

లెక్క కూడా నువ్వే వేసుకోవచ్చు. నీ కార్నియా మందం 520 మైక్రాన్లు అనుకో (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). లాసిక్‌లో పైన తెరిచే పొర, అంటే ఫ్లాప్, 110 దాకా ఉంటుంది. ఒక్కో పవర్‌కి 12 నుంచి 15 మైక్రాన్లు చెక్కుతారు కాబట్టి నీ మైనస్ 6కి 85 పోయిందనుకో. అడుగున 325 మిగిలింది. 250కి తగ్గకూడదన్నది పాత నియమం. ఇప్పుడు చాలామంది డాక్టర్లు 300 ఉంటేనే ధైర్యంగా చేస్తారు. నీ అసలు అంకెలు అడిగి రాయించుకో. చెప్పడానికి విసుక్కునేచోట చేయించుకోకు.

కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేసి రెటీనా, అంటే కంటి వెనకుండే తెర, కూడా చూడాలి. ఆ రోజు స్కూటీ మీద వెళ్ళకు, మసకగా ఉంటుంది. మైనస్ పవర్ ఎక్కువున్నవాళ్ళకి రెటీనా అంచులు పలచబడి ఉండొచ్చు. అద్దాలు పోయినా ఆ బలహీనత పోదు, ఏడాదికోసారి చూపించుకోవాల్సిందే.

ఇక పొర తెరిచే ఫెమ్టో లేజర్ సంగతి. ఫెమ్టోసెకండ్ అంటే సెకనుని పది కోట్ల కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక్క భాగం. లేజర్ అంత తక్కువసేపు తగలడం వల్ల పక్క కణజాలానికి వేడి పాకదు, ఎక్కడ గురిపెడితే అక్కడే ఒక సూక్ష్మ బుడగ లేస్తుంది. అలాంటి బుడగలు వరసగా పరిస్తే పొర విడిపోతుంది. 1990లలో అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ ల్యాబ్‌లో ఒక విద్యార్థి కంట్లో పొరపాటున ఈ కిరణం పడింది. గాయం అంత శుభ్రంగా ఉండడం చూసి డాక్టరు ఆశ్చర్యపోయాడట, కంటి ఆపరేషన్ల ఆలోచన అక్కడ మొదలైంది. ఆ ల్యాబ్ నడిపిన జెరార్డ్ మురూకి 2018లో నోబెల్ వచ్చింది.

లాసిక్‌లో ఫెమ్టో పొర తెరవడానికే. పవర్ తీసేది ఎక్సైమర్ అనే రెండో లేజర్. అప్పుడు జుట్టు కాలిన వాసన వస్తుంది, కంగారుపడకు. స్మైల్‌లో రెండో లేజర్ ఉండదు. ఫెమ్టోతోనే లోపల పలచని బిళ్ళ తయారుచేసి, 2 నుంచి 4 మిల్లీమీటర్ల గాటులోంచి లాగేస్తారు. నరాలు తక్కువ తెగుతాయి, మొదటి నెలల్లో పొడిబారడం తక్కువ. రోజంతా కంప్యూటర్ ముందుండే నీకు, కొలతలు సరిపోతే, నేనైతే స్మైల్ వైపే మొగ్గుతాను. పవర్ కొంచెం మిగిలి మళ్ళీ సరిచేయాల్సి వస్తే మాత్రం లాసిక్‌లోనే సులువు. రెండూ వద్దంటే ఫ్లాప్ తెరవకుండా పైనుంచే లేజర్ చేసే పీఆర్‌కే, లేదా కంటిలోపల పెట్టే ఐసీఎల్ అనే లెన్సు ఉన్నాయి. అసలే వద్దంటే అద్దాలే పెట్టుకో.

టేబుల్ మీద కంటిని సక్షన్‌తో పట్టుకుంటారు. లాసిక్‌లో కాసేపు చూపు నల్లబడుతుంది, అది మామూలే. స్మైల్‌లో మెరిసే లైటునే చూడు, కదిలితే సక్షన్ ఊడుతుంది. ఊడితే ఆ రోజుకి ఆపేయాల్సి రావచ్చు.

నీ పెళ్ళికి వారం ముందు మాత్రం ఆపరేషన్ పెట్టుకోకు. మంగళస్నానం, కాటుక, మేకప్, హోమం పొగ, నిద్రలేని రాత్రులు, ఇవన్నీ పచ్చి కంటికి పడవు. కనీసం రెండు నెలల ముందు కానిచ్చెయ్. కళ్ళు నులుముకోవడం అన్నది ఇక జన్మలో వద్దు. చుక్కల మందులు, ముఖ్యంగా స్టెరాయిడ్ చుక్కలు, బాగుందని మధ్యలో మానకు, నీ అంతట నువ్వు పొడిగించకు.

ఆపరేషన్‌కి ముందు రిపోర్టులు పారేయొద్దు. అరవై ఏళ్ళకి శుక్లాలు వచ్చినప్పుడు లెన్సు పవర్ లెక్కకట్టడానికి ఇవి అక్కరకొస్తాయి. ఆపరేషన్ అయిన కంట్లో ప్రెషర్ కూడా ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది, ఎక్కడికెళ్ళినా చెప్పు. నలభై దాటాక చదువుకునే అద్దాలు ఎలాగూ వస్తాయి, అప్పుడు నన్ను తిట్టుకోకు.

తమ్ముడు కూడా చేయించుకుంటానన్నాడట. లోకో పైలట్ పరీక్షకి చదువుతున్నాడు కదా, లాసిక్ చేయించుకున్నవాళ్ళని ఆ ఉద్యోగానికి తీసుకోరు. వాణ్ణి ముందు నోటిఫికేషన్‌లో మెడికల్ భాగం చదవమను.

పరీక్షలయ్యాక రెండు కళ్ళ కలర్ మ్యాపులూ ఫోటో తీసి పంపు. మడత పడకుండా, అంకెలు కనిపించేలా తియ్యి.

మీ పెద్దమ్మ