సాలూరు ఘాట్ తెలిసినవారికి న్యూజిలాండ్ దారులు

జయపురంలో మా అమ్మావాళ్లింటికి వచ్చి రెండు వారాలైంది. ఎదురింటి పిన్నిగారి అబ్బాయి కిందటేడు మెల్‌బోర్న్‌లో ఉద్యోగంలో చేరాడు. ఏప్రిల్‌లో తల్లిదండ్రులను అక్కడికి పిలిపించుకుని, అటునుంచి అటే న్యూజిలాండ్ తీసుకువెళ్లి దక్షిణ దీవిని కారులో చూపించాలని అతని కోరిక. వేసుకున్న ప్రణాళికను నాకు పంపి, "అక్కా, ఒకసారి చూసి చెప్పండి" అన్నాడు. ఐదు రోజులు. క్రైస్ట్‌చర్చ్, టెకాపో, మౌంట్ కుక్, క్వీన్స్‌టౌన్, మిల్‌ఫర్డ్ సౌండ్, ఫ్రాంజ్ జోసెఫ్ హిమానీనదం, మళ్లీ క్రైస్ట్‌చర్చ్. పదహారేళ్ల కిందట మొదటిసారి వెళ్లినప్పుడు నేను రాసుకున్న కాగితమే ఎవరో తిరిగి చేతికిచ్చినట్టు అనిపించింది. కోరాపుట్, రాయగడ, పర్లాకిమిడి వైపు నుంచి ఆస్ట్రేలియాకు కొత్తగా వచ్చిన మనవాళ్లు తరచూ ఇదే అడుగుతారు. అందుకని అతనికి చెప్పినదే మీ అందరికీ రాస్తున్నాను.

కారు సంగతి తర్వాత, ముందు కాగితాలు. ఆస్ట్రేలియా పౌరులకు న్యూజిలాండ్ వెళ్లడానికి వీసా అక్కర్లేదు. శాశ్వత నివాసులకు కూడా వీసా అక్కర్లేదు గాని, ఎలక్ట్రానిక్ అనుమతి ముందుగా తీసుకోవాలి. భారత పాస్‌పోర్టుతో ఉద్యోగ వీసా మీదో, విద్యార్థి వీసా మీదో ఉన్నవాళ్లు మాత్రం న్యూజిలాండ్ విజిటర్ వీసాకు విడిగా దరఖాస్తు చేయాలి. మన ఊరి నుంచి వచ్చే అమ్మానాన్నలకూ అంతే. ఆ వీసా చేతికి రాకముందే విమానం టికెట్లు కొనకండి.

వెళ్లడం కన్నా తిరిగి రావడం దగ్గరే కొత్తవాళ్లు ఎక్కువగా ఇరుక్కుంటారు. మీ వీసా మార్పు దరఖాస్తు పరిశీలనలో ఉండి, అది తేలేదాకా ఇచ్చే తాత్కాలిక వీసా, అంటే బ్రిడ్జింగ్ వీసా ఎ మీద మీరు ఉన్నారనుకోండి. ఆస్ట్రేలియా దాటారంటే దానితో తిరిగి రాలేరు. వెళ్లేముందు బ్రిడ్జింగ్ వీసా బి తీసుకోవాలి. అమ్మానాన్నల ఆస్ట్రేలియా వీసా ఒక్క ప్రవేశానికే ఇచ్చినదైతే, న్యూజిలాండ్ వెళ్లగానే దాని పని అయిపోతుంది, మెల్‌బోర్న్‌కు తిరిగి రావడానికి మరో వీసా కావాలి. శాశ్వత నివాసులు కూడా తమ ప్రయాణ అనుమతి గడువు ఒకసారి చూసుకోవాలి. మొదట ఇచ్చేది సాధారణంగా ఐదేళ్లకే. పెద్దవాళ్లను పరాయి విమానాశ్రయంలో కూర్చోబెట్టి ఫోన్లు చేసుకునే పరిస్థితి ఎవరికీ రాకూడదు. ఈ పేరా రెండుసార్లు చదవండి.

ఇక దారి. క్రైస్ట్‌చర్చ్ నుంచి టెకాపో సరస్సు దాదాపు 225 కిలోమీటర్లు. జయపురం నుంచి కోరాపుట్, సుంకి, సాలూరు మీదుగా విశాఖ వెళ్లే దూరానికి కొంచెం అటూఇటూ. మనకు ఐదారు గంటలు పట్టేది అక్కడ మూడు గంటల్లో అయిపోతుంది. ఇది చూసే మనవాళ్లు మోసపోతారు. రోడ్డు బాగుంది, వేగపరిమితి వంద, కాబట్టి రోజుకు ఐదు వందల కిలోమీటర్లు సులువేనని లెక్క వేసేస్తారు. కొండ మొదలయ్యాక ఆ వంద ఎక్కడా నడవదు. రెండు వైపులకూ కలిపి రెండే వరుసలు, మధ్యలో అడ్డుగోడ ఉండదు, మలుపు మీద మలుపు. పైగా పది కిలోమీటర్లకొకసారి ఎవరో ఒకరు "అబ్బ, ఆపు ఆపు" అంటారు. ఆపాలి కూడా, వెళ్లింది అందుకే కదా.

మా మొదటి ప్రయాణంలో క్వీన్స్‌టౌన్ నుంచి మిల్‌ఫర్డ్‌కు ఒక్క రోజులో వెళ్లివచ్చాం. మ్యాపులో ఆ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. కానీ మధ్యలో ఉన్న కొండలను దాటే రోడ్డు లేదు. తె అనావు అనే ఊరి మీదుగా చుట్టూ తిరిగి సుమారు 290 కిలోమీటర్లు, ఎక్కడా ఆగకపోతే ఒకవైపుకే నాలుగు గంటలు. పొద్దున్నే చీకట్లో బయలుదేరాం, రాత్రి చీకట్లో గది చేరాం. మా అమ్మ పడవలో కూర్చుని నిద్రపోయింది. సముద్రంలోంచి నిటారుగా లేచిన ఆ కొండలను, వాటిమీదనుంచి జారే జలపాతాలను చూపించాలని అంత దూరం తీసుకువెళితే, ఆమెకు కళ్లు తెరిచే ఓపిక మిగల్లేదు. ఇప్పటికీ న్యూజిలాండ్ అంటే ఆమె చెప్పేది పుకాకి సరస్సు ఒక్కటే. అక్కడ పాపకు అన్నం పెట్టాలని గంటసేపు ఆగాం. హిమానీనదం రాతిని పిండిలా నూరి నీటిలో కలపడం వల్ల ఆ సరస్సుకు పాలు కలిపిన నీలం వంటి రంగు వస్తుంది. దాని అవతలి చివర 3,724 మీటర్ల అవొరాకి, అంటే మౌంట్ కుక్ కనిపిస్తుంది. మన ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తయిన దేవమాలి 1,672. దేవమాలి మీద మరో దేవమాలిని పెట్టినా అంత ఎత్తు రాదు. ఆ గంట మా అమ్మ మనసులో నిలిచింది. మిగతా వెయ్యి కిలోమీటర్లు నిలవలేదు.

అందుకని పెద్దవాళ్లు, పిల్లలు వెంట ఉంటే రోజుకు నాలుగు గంటలకు మించి చక్రం ముందు కూర్చోకండి. రెండు రోజులకొకసారైనా పెట్టెలు సర్దే పని లేని రోజు ఉండాలి. ఆ అబ్బాయికి నేను తొమ్మిది రోజులు వేసి ఇచ్చాను. క్రైస్ట్‌చర్చ్‌లో దిగి ఒక రాత్రి విశ్రాంతి. టెకాపోలో రెండు రాత్రులు, మధ్య రోజున మౌంట్ కుక్ పల్లెకు వెళ్లిరావడం. టెకాపో ఉన్న మెకంజీ ప్రాంతాన్ని 2012లో అంతర్జాతీయ చీకటి ఆకాశ సంరక్షణ ప్రాంతంగా గుర్తించారు, మబ్బు లేకపోతే రాత్రి పది నిమిషాలు బయట నిలబడండి. తర్వాత లిండిస్ కనుమ మీదుగా క్వీన్స్‌టౌన్, మూడు రాత్రులు. ఏప్రిల్ చివర్లో అయితే పక్కనే ఉన్న ఆరోటౌన్‌లో చెట్లన్నీ పసుపూ బంగారమూ అయి ఉంటాయి. ఆ తర్వాత తె అనావులో రెండు రాత్రులు. చివరి రోజు క్వీన్స్‌టౌన్‌లోనే కారు అప్పగించి విమానం ఎక్కాలి. ఎక్కిన ఊళ్లో కాక వేరే ఊళ్లో కారు ఇస్తే అద్దె సంస్థ కొంత అదనంగా తీసుకోవచ్చు. తిరిగి క్రైస్ట్‌చర్చ్ దాకా నడిపే రోజంతా మిగులుతుంది కాబట్టి ఇవ్వదగిన డబ్బే. ఫ్రాంజ్ జోసెఫ్‌ను తీసేయమన్నాను, అబ్బాయికి మనసొప్పలేదు. అది ఉన్న పశ్చిమ తీరం ఒక్కదానికే మరో నాలుగు రోజులు కావాలి.

ఇక చక్రం పట్టేవారికి. ఎడమవైపే నడపడం కాబట్టి మనకు సగం భయం తీరినట్టే. ఇంగ్లీషులో ముద్రించిన లైసెన్సు చెల్లుతుంది, అసలు కార్డు దగ్గర ఉండాలి. కానీ ఒడిశా లైసెన్సు చెల్లుతుంది కదా అని నాన్నగారికి మొదటి రోజే చక్రం ఇవ్వకండి. సుంకి ఘాట్‌లో మలుపు వస్తే హారన్ కొట్టడం ఆయన చేతికి అలవాటు. అక్కడ హారన్ కొట్టరు. ఎదుటివాడు తన గీత దాటడన్న నమ్మకంతోనే బండ్లు నడుస్తాయి. మలుపులో మధ్యగీత మీదకు జరిగే అలవాటు ప్రాణం మీదకు తెస్తుంది. మీ వైపున విడవకుండా గీసిన పసుపు గీత ఉంటే ముందు బండిని దాటకూడదు. వెనక బండ్లు చేరితే వీలున్న చోట ఎడమకు తప్పుకుని దారి ఇవ్వండి. చాలామంది యాత్రికులు ఇది పట్టించుకోరు, స్థానికులకు కోపం వచ్చేది ఇక్కడే.

ఒంటి వరుస వంతెనలు తరచూ ఎదురవుతాయి. బోర్డు మీద రెండు బాణాలు ఉంటాయి. మీ వైపు బాణం చిన్నదిగా, ఎర్రగా ఉంటే ఆగి ఎదుటివారిని రానివ్వాలి. నీలం బోర్డు మీద మీ వైపు బాణం పెద్దదిగా, తెల్లగా ఉంటే ముందు వెళ్లేది మీరు. అయినా వంతెన మీద ఎవరూ లేరని చూసుకునే ఎక్కండి. ఏడేళ్లు నిండని పిల్లలకు తగిన సీటు తప్పనిసరి, కారుతోపాటే అడగండి.

బీమా కాగితంలో ఎక్సెస్ అని ఒక అంకె ఉంటుంది. నష్టం జరిగితే అంతవరకు మన జేబులోంచే పోతుంది. కంకర రోడ్డు మీద ఎదురు లారీ నుంచి రాయి తగిలి మా ముందు అద్దం పగిలింది. అద్దాలు, టైర్లు మా బీమాలోకి రావని అప్పుడు తెలిసింది. ఆ రెండూ కలుస్తాయా లేదా, ఏ రోడ్ల మీదకు వెళ్లకూడదని రాశారు అన్నది సంతకానికి ముందే చదవండి.

పిన్నిగారు మాగాయ సీసా, కరివేపాకు, కోవా బిళ్లలు అప్పుడే పక్కన పెట్టారు. న్యూజిలాండ్ విమానాశ్రయంలో తినే వస్తువు ఏదైనా సరే, ప్రకటన పత్రంలో చూపించాలి. చూపించకపోతే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా. చూపించినందుకు జరిమానా ఉండదు, మహా అయితే వస్తువు తీసుకుంటారు. పచ్చి ఆకులు, పళ్లు, విత్తనాలు, తేనె అసలు పెట్టుకోవద్దన్నాను. మట్టి అంటిన చెప్పులనూ చూస్తారు, కడిగి తీసుకెళ్లండి. బియ్యం, పప్పు అక్కడే కొనుక్కోవచ్చు. వంటగది ఉన్న మోటెల్ గదులు తీసుకుంటే పెద్దవాళ్లకు భోజనం బెంగ ఉండదు. పోపు వేసేటప్పుడు కిటికీ తెరవండి, పొగకు అలారం మోగుతుంది.

మన వేసవి సెలవుల్లో వెళితే అక్కడ చలికాలం దగ్గరపడుతుంది. జూన్‌లో సాయంత్రం ఐదు దాటగానే చీకటి, నీడ పడే మలుపుల్లో కంటికి కనిపించని మంచుపొర. మిల్‌ఫర్డ్ దారిలో మంచు మీద జారకుండా టైర్లకు చుట్టే చైన్లు కారులో ఉంచుకోవాలని బోర్డు పెడితే అవి లేకుండా వెళ్లకూడదు. మొదటిసారి వెళ్లేవాళ్లు మే తొలివారం దాటనివ్వకండి.

తె అనావు నుంచి మిల్‌ఫర్డ్ సుమారు 120 కిలోమీటర్లు. ట్యాంకు తె అనావులోనే నింపండి, మ్యాపు ఫోనులోకి దించుకోండి. తర్వాత చాలా దూరం సిగ్నల్ ఉండదు. అత్యవసర నంబరు 111. రోడ్డు తెరిచి ఉందో లేదో ఆ ఉదయమే చూసుకోండి. కొండచరియలకూ మంచుకూ మూసేస్తుంటారు, అందుకే అక్కడ రెండు రాత్రులు వేశాను. దారి చివర 1954లో తెరిచిన హోమర్ సొరంగం వస్తుంది. రాతిని తొలిచిన 1.2 కిలోమీటర్ల దారి, మిల్‌ఫర్డ్ వైపుకు దిగుతూ పోతుంది. కిరండూల్ రైల్లో సొరంగాలు లెక్కపెడుతూ పెరిగిన నాకు కూడా లోపల గుండె కొంచెం వేగంగా కొట్టుకుంది. సొరంగం ముందు ఆగినప్పుడు కియా అనే పచ్చని కొండచిలుకలు కారు మీద వాలి రబ్బరు పీకుతాయి. ముచ్చటగా ఉన్నాయని ఏమీ తినిపించవద్దని పిన్నిగారికి ముందే చెప్పి ఉంచాను.