బండి – బాగోగులు: ఆటోమేటిక్ గేరు కొడుతోందా?

ఈ నెల శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఆటోమేటిక్ బళ్ల గురించినవే ఎక్కువ. జవాబులకు ముందు ఒక్క మాట. ఆటోమేటిక్ అని అందరం ఒకే పేరుతో పిలుస్తున్నా, టార్క్ కన్వర్టర్ (ఇంజను బలాన్ని ఆయిలు ద్వారా అందించేది), ఏఎంటీ (మోటారు క్లచ్ తొక్కే మాన్యువల్), సీవీటీ (బెల్టు, పుల్లీలతో నడిచేది), డీసీటీ (రెండు క్లచ్‌లున్నది) అని లోపల నాలుగు రకాలున్నాయి. ఒకదాని జబ్బుకి ఇంకోదాని మందు పనికిరాదు. షెడ్డుకి వెళ్లేముందు మీది ఏ రకమో బండితో వచ్చిన పుస్తకంలో చూసుకోండి.

ప్రశ్న: మాది ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ డీజిల్ బండి. 84 వేల కిలోమీటర్లు తిరిగింది. పొద్దున్నే తీస్తే రెండు నుంచి మూడుకి మారేటప్పుడు జెర్కు ఇస్తోంది, వేడెక్కాక తగ్గుతోంది. పీ (పార్కింగ్) నుంచి ఆర్‌కి (రివర్స్) వేస్తే ధన్‌మని కొడుతోంది. హైవే మీద 70 దగ్గర, మడపాం టోల్‌గేటు ముందు గీతల మీద పోయినట్టు సన్నగా వణుకుతోంది. గేర్‌బాక్సు దింపాలి, లక్ష దాటుతుంది అంటున్నారు. దింపించాలా? – ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: ఇప్పుడే దింపించకండి. మీరు రాసినవి మూడు వేర్వేరు లక్షణాలు. మూడింటికీ కారణం ఒకటే కావాలని లేదు.

మొదట ఆ ధన్‌మనే చప్పుడు సంగతి. చదునైన చోట బండి ఆపి హ్యాండ్‌బ్రేకు వేయండి. బానెట్ తెరిచి పక్క నుంచి ఒకరిని ఇంజను చూడమనండి. బండికి ఎదురుగా మాత్రం ఎవరూ నిలబడకూడదు. మీరు బ్రేకు గట్టిగా తొక్కి పట్టి ఆర్, డీ (డ్రైవ్), ఆర్ అని ఒక్కోచోట రెండు క్షణాలు ఆగుతూ మార్చండి. ఇంజను కొద్దిగా ఒరగడం మామూలే. ఎగిరిపడి వెనక్కి వచ్చి కొట్టుకుంటోందంటే ఇంజనుని పట్టి ఉంచే మౌంటింగు రబ్బరు చిరిగింది. అది గేర్‌బాక్సు దించే పని కాదు. ఇంజను చల్లగా ఉండి ఐడిలింగ్ ఎక్కువగా ఉన్నప్పుడు గేరు వేసినా కొడుతుంది. ఆర్‌పీఎం ముల్లు కిందికి దిగాక వేయండి.

వాలులో పెట్టే అలవాటు ఉంటే దాన్నీ చూసుకోండి. హ్యాండ్‌బ్రేకు వేయకుండా పీలో పెట్టేస్తే బండి బరువంతా లోపలున్న చిన్న కొక్కెం మీద పడుతుంది. తీసేటప్పుడు అది విడిపడే చప్పుడే మీకు వినబడేది. బ్రేకు తొక్కి న్యూట్రల్‌లో పెట్టండి, హ్యాండ్‌బ్రేకు వేయండి, కాలి బ్రేకు కాస్త వదిలి బండి నిలబడిందని చూశాక పీలోకి తోయండి.

70 దగ్గర వణుకే అసలు విషయం. ఆ వేగంలో టార్క్ కన్వర్టర్ లోపలి క్లచ్ పట్టుకుని ఇంజనునీ గేర్‌బాక్సునీ నేరుగా కలుపుతుంది. దీన్నే లాకప్ అంటారు. ఆయిలు పాతబడి పట్టు తప్పితే ఆ క్లచ్ పట్టీ వదిలీ పట్టీ వదిలీ వణుకు పుట్టిస్తుంది. దీన్ని మీరే తేల్చుకోవచ్చు. ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేనప్పుడు, వణుకు వస్తుండగా యాక్సిలరేటరు కదల్చకుండా ఎడమకాలితో బ్రేకు పెడలు మీద స్టాప్‌లైటు వెలిగేంత మాత్రమే ఆనించండి. ఎడమకాలు అలవాటు లేనివాళ్లు గట్టిగా తొక్కేస్తారు, జాగ్రత్త. బ్రేకు ఆనగానే లాకప్ విడిపోతుంది. ఆ క్షణమే వణుకు ఆగితే దోషం లాకప్‌దీ ఆయిలుదీ. ఆగకపోతే టైర్ల బ్యాలెన్సింగు, డ్రైవ్ షాఫ్టు, ఇంజెక్టర్లు చూపించండి. ఇంజెక్టరు మిస్సవుతుంటే పుట్టే వణుకుని గేర్‌బాక్సుకి అంటగట్టడం తరచూ జరిగే పొరపాటు.

చల్లమీద జెర్కు, లాకప్ వణుకు రెండూ ఉన్నాయంటే మొదటి అనుమానం ఆయిలు మీదే. ఇన్నాళ్లలో ఎప్పుడూ మార్చకపోతే అనుమానమే అక్కర్లేదు. జీవితాంతం మార్చక్కర్లేదని కొన్ని పుస్తకాల్లో ఉంటుంది. మన ఎండల్లో, ఆగి కదిలే ట్రాఫిక్కులో నేనైతే 60 వేలకి మార్చమనే చెబుతాను. ఆయిలు కాలినకొద్దీ జిగట పొర ఏర్పడి, గేర్లు మార్చే సోలినాయిడ్ వాల్వులు చల్లమీద మొరాయిస్తాయి.

మార్పించేటప్పుడు దగ్గరుండి చూసుకోవాల్సినవి ఉన్నాయి. ముందు ఆయిలు పోసే బోల్టు వదులు చేయించాలి, ఆ తరవాతే డ్రెయిన్ బోల్టు. ఆయిలంతా దింపేశాక పోసే బోల్టు రాకపోతే బండి షెడ్డులోనే ఉండిపోతుంది. దిగిన ఆయిలు కొలత గిన్నెలో పట్టి, ఎంత దిగిందో అంతే పోయాలి. గేర్‌బాక్సులో ఏడు లీటర్లుంటే దిగేది మూడు, మూడున్నరే. మిగతాది కన్వర్టర్‌లోనూ కూలర్ గొట్టాల్లోనూ ఉండిపోతుంది. అందుకే ఒక్కసారి మార్చి ఊరుకుంటే సగం పాతదే. మధ్యలో ఓ నాలుగైదు వందల కిలోమీటర్లు తిప్పుతూ మూడుసార్లు మారిస్తే ఎనభై శాతం దాకా కొత్తది అవుతుంది. ఎన్నడూ మార్చని గేర్‌బాక్సుకి మెషిను పెట్టి ప్రెషరుతో కడిగించడం కన్నా ఇదే మేలు.

ఆయిలు ఎంపికలోనే ఎక్కువమంది దెబ్బతింటారు. ఊళ్లో దుకాణంలో ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిలు) అని అడిగితే చాలాసార్లు పవర్ స్టీరింగుకి పోసే పాతరకం ఎర్రనూనె డబ్బా ఇస్తారు. రంగు ఒకటే, గుణం వేరు. మీ పుస్తకంలో ఎస్‌పీ-4 అని ఉంటే అదే, డబ్ల్యూఎస్ అని ఉంటే అదే, డెక్స్‌రాన్-6 అని ఉంటే అదే. రాపిడి గుణం తేడా వస్తే పోగొట్టుకుందామన్న వణుకే కొత్తగా మొదలవుతుంది.

లెవెలు చూడటం ఇంకో మెలిక. డిప్‌స్టిక్ (ఆయిలు కొలిచే పుల్ల) లేని బళ్లలో ఇంజను నడుస్తుండగా, అన్ని గేర్లూ ఒక్కోసారి వేసి పీలోకి తెచ్చాక, ఆయిలు పుస్తకంలో చెప్పిన వేడిలో ఉన్నప్పుడు లెవెలు బోల్టు తీయాలి. సన్నగా కారి చుక్కలుగా పడితే సరిపోయింది. ఆ వేడి కొన్నింటికి 35–45 డిగ్రీలు, కొన్నింటికి 50–60. చేత్తో ముట్టి చెప్పేది కాదు, బండి కంప్యూటరుకి తగిలించే స్కానర్లో చూడాలి. మే నెల మధ్యాహ్నం ఎండలో నిలిపిన బండిలో ఆయిలు అప్పటికే 40 దాటేయొచ్చు. మీ బండికి తక్కువ వేడి చెప్పి ఉంటే ఈ పని పొద్దున్నే పెట్టుకోండి. వేడి మీద చూస్తే ఆయిలు వ్యాకోచించి లెవెలు ఎక్కువ చూపిస్తుంది, కారిపోయేది కారి చివరికి తక్కువ మిగులుతుంది.

గేర్‌బాక్సు అడుగున ఆయిలు నిలిచే ప్యాను విప్పితే లోపలి అయస్కాంతాలు మీ చేత్తో తీసి చూడండి. నల్లటి మెత్తని ముద్ద అంటుకుని ఉంటే అరుగుదల మామూలే. వేలికి గుచ్చుకునే రజను, మెరిసే ముక్కలు ఉన్నా, ఆయిలు మాడు వాసన కొడుతూ నల్ల పొరలు కనిపించినా క్లచ్ ప్లేట్లో బేరింగులో పోయినట్టు. అప్పుడు దింపించక తప్పదు. అవేమీ లేకపోతే ఆయిలు మార్చాక స్కానర్‌తో పాత అడాప్టేషన్ చెరిపించి, వారం రోజులు నెమ్మదిగా నడపండి. అరిగిన ఆయిలుకి తగ్గట్టు కంప్యూటరు నేర్చుకున్న ఒత్తిళ్లు కొత్త ఆయిలుకి సరిపోవు.

ప్రశ్న: మా ఏఎంటీ చిన్నకారు మూడు లాంతర్ల దగ్గర ట్రాఫిక్కులో ప్రతి గేరుకీ తల ఊపేస్తోంది. సాలూరు ఘాట్ ఎక్కుతుంటే మాడు వాసన వచ్చింది. – ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: ఏఎంటీ అంటే మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ మీ కాలికి బదులు మోటారు తొక్కుతుంది. గేరు మారేటప్పుడు లాగుడు ఒక్క క్షణం తెగడం దాని స్వభావం. గేరు మారబోతోందని తెలియగానే యాక్సిలరేటరు మీద కాలు కాస్త తేలిక చేయండి, ఊపు చాలావరకు తగ్గుతుంది.

వాసనే పట్టించుకోవాల్సింది. ఘాట్‌లో లారీ వెనక ఆగినప్పుడు బండి వెనక్కి జారకుండా యాక్సిలరేటరుతో నిలబెడితే క్లచ్ ప్లేటు అక్కడే కాలుతుంది. బ్రేకుతో ఆపండి. ముందు బండికి రెండు బండ్ల దూరం వచ్చాక ఒకేసారి కదలండి, అంగుళం అంగుళం పాకించకండి. మలుపుల్లో మాన్యువల్ మోడ్‌లోకి తోసి రెండో గేరులో ఉంచితే ఒకటికీ రెండుకీ మధ్య కొట్టుకోవడం ఉండదు. దిగేటప్పుడూ అంతే, బ్రేకులు వేడెక్కవు.

ఎక్కేటప్పుడు ఆర్‌పీఎం లేచి వేగం లేవకపోతే ప్లేటు అయిపోయింది. కొత్త క్లచ్ వేశాక స్కానర్‌తో క్లచ్ లెర్నింగ్ (కొత్త ప్లేటు ఎక్కడ పట్టుకుంటుందో కంప్యూటరుకి నేర్పడం) చేయించడం మరిచిపోతే కొత్త ప్లేటు పాతదానికన్నా ఎక్కువ కొడుతుంది. బిల్లు కట్టేముందు ఆ మాట అడగండి. మీ మోడల్‌కి హైడ్రాలిక్ యూనిట్ ఉంటే దాని చిన్న డబ్బాలో ఆయిలు లెవెలూ చూపించండి. ఎప్పుడైనా న్యూట్రల్ నుంచి గేరే పడకపోతే కంగారుపడకుండా ముందు స్టాప్‌లైట్లు వెలుగుతున్నాయో లేదో చూడండి. బ్రేకు స్విచ్చి పోతే మీరు బ్రేకు తొక్కారని కంప్యూటరుకి తెలియదు, గేరు ఇవ్వదు.

ప్రశ్న: బ్యాటరీ మార్చిన దగ్గర్నుంచి గేర్లు మొరటుగా పడుతున్నాయి. ఒకరోజు ఒకే గేరులో ఉండిపోయింది, ఆపి స్టార్ట్ చేస్తే బాగుంది. – ఒక పాఠకుడు, కళింగపట్నం

జవాబు: కొన్ని బళ్లలో బ్యాటరీ తీస్తే నేర్చుకున్న విలువలు పోతాయి. రెండు మూడు రోజులు రకరకాల వేగాల్లో నెమ్మదిగా నడిపితే సర్దుకుంటుంది. ఒకే గేరులో ఉండిపోవడం మాత్రం వేరు. తేడా కనిపించగానే కంప్యూటరు గేర్‌బాక్సుని కాపాడుకోవడానికి అలా చేస్తుంది. కంప్యూటరు దాచిపెట్టిన తేడా కోడు చెరిపేయకముందే స్కానర్లో చదివించి, కాగితం మీద రాయించుకోండి. బ్యాటరీకి మల్టీమీటరు పెట్టి చూస్తే ఇంజను ఆగి ఉన్నప్పుడు 12.4 వోల్టుల పైన, నడుస్తున్నప్పుడు 14కి అటూఇటూ ఉండాలి. మీది సముద్రం ఒడ్డు కాబట్టి బ్యాటరీ నెగెటివ్ తీగ బాడీకీ గేర్‌బాక్సుకీ కలిసేచోట బోల్టులు విప్పి, తుప్పు గీకించి, బిగించి, గ్రీజు రాయించండి.

ప్రశ్న: వానల్లో కాజ్‌వే మీద నీళ్లు డోరు దాకా వచ్చాయి. బండి ఆగలేదు. గేర్‌బాక్సుకి భయమా? – ఒక పాఠకుడు, హిరమండలం

జవాబు: భయమే. గేర్‌బాక్సు పైన గాలి పోయే చిన్న రంధ్రం ఉంటుంది. వేడి గేర్‌బాక్సు చల్లని నీళ్లలో మునిగితే అక్కణ్నుంచి నీరు లోపలికి పీల్చుకుంటుంది. కొద్దిగా ఆయిలు దింపి గాజు సీసాలో చూడండి. ఎర్రగా, తేటగా ఉంటే సరే. తెల్లబారి గులాబీ రంగులో మసకగా ఉంటే ఇక స్టార్ట్ చేయొద్దు. నీరు క్లచ్ ప్లేట్ల మీది కాగితం పొరని అతికించిన జిగురుని వదిలిస్తుంది. షెడ్డుకి లాక్కెళ్లకుండా లారీ మీద ఎక్కించి పంపండి. ఇంజను ఆగి ఉంటే ఆయిలు పంపూ ఆగుతుంది, చక్రాలు తిరుగుతుంటే లోపల తడి లేకుండా అరిగిపోతుంది.

ప్రశ్న: సీవీటీలో మామూలు ఏటీఎఫ్ పోయొచ్చా? – ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: వద్దు. అందులో స్టీలు బెల్టు రెండు పుల్లీల మధ్య పట్టుతోనే నడుస్తుంది. ఆ పట్టుకోసమే దానికి వేరే సీవీటీ ఫ్లూయిడ్. ఏటీఎఫ్‌తో బెల్టు జారి పుల్లీలకి గీతలు పడతాయి. ఇప్పటికే పోసేసి ఉంటే బండి తిప్పకుండా దింపించి, సరైనది పోయించి, కొద్ది దూరం తిప్పి మళ్లీ ఒకసారి మార్పించండి.