ఫైనాన్స్ చదవాలా, ప్రొక్యూర్‌మెంట్ చదవాలా?

ప్రశ్న: బీకాం అయిపోయింది. విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్నగారికి చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. ఈ మధ్య ప్రభుత్వ ఆఫీసులకు ర్యాకులు కూడా చేసి ఇస్తున్నాం. ఆర్డర్లకు కొదవ లేదు, చేతిలో డబ్బే నిలవట్లేదు. చిన్న వ్యాపారాల ఫైనాన్స్ కోర్సు చేయనా, ప్రాజెక్ట్ ప్రొక్యూర్‌మెంట్ (టెండర్లు, కొనుగోళ్ల) మేనేజ్‌మెంట్ చేయనా?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: రెండూ కావాలి, కానీ ప్రొక్యూర్‌మెంట్‌తో మొదలుపెట్టండి. లెక్కలు రాయడం బీకాంలో నేర్చుకున్నారు. డబ్బు ఎప్పుడు పోతుంది, ఎప్పుడు తిరిగొస్తుంది అన్నది మాత్రం టెండర్ షరతుల్లో ఉంటుంది, అది చదవడం రావాలి.

10 లక్షల ఆర్డర్ వచ్చిందనుకుందాం. ఇనుముకు ముందే 6 లక్షలు కట్టాలి, కూలీ, కరెంటు, లారీ కిరాయి ఇంకో 2 లక్షలు. కాగితం మీద లాభం 2 లక్షలు. ఆ 8 లక్షలు బయట రెండు రూపాయల వడ్డీకి తెచ్చి, బిల్లు నాలుగు నెలలు ఆగిందంటే వడ్డీకే 64 వేలు పోతాయి, అంటే దాదాపు మూడో వంతు లాభం. పెర్ఫార్మెన్స్ సెక్యూరిటీ (పని సరిగ్గా చేస్తామని కొనేవాళ్ల దగ్గర ఉంచే హామీ) కింద మామూలుగా 3 నుంచి 5 శాతం డబ్బు కూడా గడువు తీరేదాకా ఇరుక్కుపోయి ఉంటుంది. కొటేషన్ వేసేటప్పుడు చాలామంది ఈ వడ్డీ కలపరు, ఎల్‌1 (అందరికన్నా తక్కువ రేటు వేసినవాళ్లు) రావాలన్న తొందరలో రేటు తగ్గించేస్తారు, బాగా పని చేసే షెడ్లు కూడా ఇలాగే అప్పుల్లో పడుతున్నాయి, అదే నా బాధ.

చట్టం మీ వైపు ఉంది, వాడుకోండి. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా మీకు డబ్బు చెల్లించడానికి సరుకు అంగీకరించిన రోజు నుంచి 45 రోజులు దాటకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే. ఆలస్యమైతే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఇవ్వకపోతే కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. అయితే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర చేసుకునే నమోదు) ఆర్డర్ తీసుకోకముందే చేయించుకోండి, గొడవ వచ్చాక చేయించుకుంటే పాత బిల్లులకు పనికొస్తుందన్న నమ్మకం లేదు. కేంద్ర ప్రభుత్వ టెండర్లలో ధరావతు (టెండర్ వేసేటప్పుడు కట్టే డిపాజిట్) మినహాయింపుకీ ఆ సర్టిఫికెట్టే చూపించాలి.

ఫైనాన్స్ వైపు ముందు వర్కింగ్ క్యాపిటల్, అంటే రోజువారీ పని నడవడానికి కావాల్సిన డబ్బు గురించి నేర్చుకోండి. చిన్న యూనిట్లకు బ్యాంకులు ఏడాది టర్నోవర్ అంచనాలో కనీసం 20 శాతం లెక్కన దీనికి అప్పు లిమిట్ ఇవ్వాలి, 60 లక్షల టర్నోవర్‌కు 12 లక్షలన్నమాట. తాకట్టు పెట్టడానికి ఏమీ లేకపోతే సీజీటీఎంఎస్ఈ (చిన్న సంస్థల అప్పులకు హామీ ఇచ్చే ట్రస్టు) గ్యారంటీ కింద అడగండి. పెద్ద కంపెనీలకు సరుకు ఇస్తుంటే ట్రెడ్స్ అనే ఆన్‌లైన్ బిల్లుల వేదిక గురించి కూడా చదవండి, కొన్న కంపెనీ బిల్లును ఒప్పుకుంటే దాని మీద ముందే డబ్బు తెచ్చుకోవచ్చు.

కోర్సుల కోసం లక్షలు పోయకండి. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల స్వయం పోర్టల్‌లో పాఠాలు ఉచితం, పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటేనే ఫీజు. హైదరాబాద్ యూసుఫ్‌గూడలోని నిమ్‌స్మే చిన్న పరిశ్రమల కోసమే పెట్టిన సంస్థ, అక్కడి శిక్షణల జాబితా చూడండి. ఈలోగా నాన్నగారి పాత ఆర్డర్లు ఒక అయిదు తీసి, ప్రతిదానికీ డబ్బు పోయిన తేదీలు, వచ్చిన తేదీలు పక్కపక్కన రాయండి.

ప్రశ్న: ఆ కోర్సు సర్టిఫికెట్ చూపిస్తే లోన్ తేలిగ్గా వస్తుందా?

జవాబు: రాదు. బ్యాంకు చూసేది జీఎస్టీ రిటర్నులు, ఐటీ రిటర్నులు, కరెంట్ అకౌంట్ స్టేట్‌మెంట్, సిబిల్ స్కోరు. అమ్మకాల డబ్బంతా ఆ అకౌంట్లోనే పడేలా ఈ నెల నుంచే చూసుకోండి.