వంకాయ రంగు ముసుగు వేసుకున్న పిల్ల

"మా అమ్మాయికి 14 ఏళ్ళు. సూపర్ హీరో కామిక్స్‌లో హీరో పక్కన ఉండే టీనేజ్ అమ్మాయిల్లో ఎవరి కథ చదివించమంటారు?" అని అడిగారు కదండీ. నేనైతే బ్యాట్‌మన్ కథల్లో వచ్చే స్టెఫనీ బ్రౌన్ పేరే చెప్తాను. 1986లో ముసలి బ్యాట్‌మన్ పక్కన రాబిన్‌గా, అంటే అతని సహాయకురాలిగా, నిలబడ్డ 13 ఏళ్ళ క్యారీ కెల్లీ అన్నా, వుల్వరిన్ వెంట తిరిగే జూబ్లీ అన్నా నాకు ఇష్టమే. కానీ స్టెఫనీ మీద ఉన్నది ఉత్త ఇష్టం కాదు.

డిగ్రీ చదివే రోజుల్లో ఆదివారం వస్తే అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతుక్కునేదాన్ని. ఒకసారి అట్ట సగం చిరిగిన రాబిన్ కామిక్ ఒకటి దొరికింది. ఇరవై రూపాయలు. ఎండలో అక్కడే నిలబడి చదివేశాను. అందులో టిమ్ డ్రేక్ తండ్రికి కొడుకే రాబిన్ అని తెలిసిపోతే, టిమ్ ఆ పని మానేస్తాడు. అప్పుడు స్టెఫనీ రాబిన్ డ్రెస్ తనే కుట్టుకుని, నేరుగా బ్యాట్‌మన్ గుహకి వెళ్ళి, నన్ను తీసుకో అంటుంది. ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఆమెను ఎవరూ పిలవలేదు. తనే వచ్చింది.

అసలు మొదటి నుంచీ అంతే. 1992లో డిటెక్టివ్ కామిక్స్ 647వ సంచికలో వచ్చింది ఈ పిల్ల. తండ్రి క్లూమాస్టర్, దొంగ. దొంగతనం చేసే ముందు ఆధారాలు వదలకుండా ఉండలేని మనిషి. జైలు నుంచి వచ్చాక ఆ పిచ్చి మాత్రం పోయింది, దొంగతనాలు పోలేదు. దాంతో కూతురే ముసుగు వేసుకుని, నాన్న ప్లాన్లు బయటపడేలా ఆధారాలు వదలడం మొదలుపెట్టింది. ఆయన ఆట చెడగొడుతుంది కాబట్టి స్పాయిలర్ అని పేరు పెట్టుకుంది. ఆ డ్రెస్‌ని ఎవరైనా పర్పుల్ అంటే ఒప్పుకోదు, వంకాయ రంగు అంటుంది. మన ఇళ్ళల్లో చీర రంగు చెప్పేటప్పుడు అనే మాటే! అది చదివిన రోజు ఆ పిల్ల మా వీధిలో పిల్లే అనిపించింది.

రాబిన్‌గా మాత్రం మూడు సంచికలే ఉంది, 2004లో. విమానంలోంచి దిగొద్దని బ్యాట్‌మన్ చెప్తాడు. ఆయన ప్రమాదంలో పడేసరికి ఈమె దిగుతుంది. మాట వినలేదని పంపించేస్తాడు.

ఇది నాకెందుకు అంత గుచ్చుకుందో చెప్తాను. తొమ్మిదో క్లాసులో త్రోబాల్ టీమ్‌లో ఒకమ్మాయికి జ్వరం వస్తే నన్ను తీసుకున్నారు. రెండో మ్యాచ్‌లో సార్ నిలబడమన్న చోటు వదిలి ముందుకి ఉరికి బంతి పట్టుకున్నాను. పాయింట్ కూడా వచ్చింది. మర్నాడు నోటీసు బోర్డు మీద లిస్టులో నా పేరు లేదు. "చెప్పిన మాట వినదు" అన్నారట. ఆ లిస్టు ముందు నిలబడి నా పేరు కింద నుంచి పైకి కూడా వెతికాను. అందుకే స్టెఫనీ తర్వాత చేసిన తప్పు నాకు అర్థమవుతుంది. తన సత్తా చూపించాలని బ్యాట్‌మన్ రాసి పెట్టుకున్న ప్లాన్ ఒకటి రహస్యంగా అమలు చేస్తుంది. అందులో కీలకమైన మనిషి మ్యాచెస్ మలోన్. అది మారువేషంలో ఉన్న బ్యాట్‌మనే అని ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఆ మనిషి రాకపోయేసరికి ప్లాన్ తలకిందులై ఊరంతా గ్యాంగుల యుద్ధం రేగుతుంది. స్టెఫనీ బ్లాక్ మాస్క్ అనే గ్యాంగ్ నాయకుడి చేతికి చిక్కి, చిత్రహింసలు పడి, ఆసుపత్రిలో చనిపోతుంది. పోయే ముందు ఆమె అడిగేది ఒకటే, నేను నిజంగా రాబిన్‌నేనా అని. అవునంటాడు బ్యాట్‌మన్.

అన్నాడే గానీ, ఏం చేశాడండీ? అంతకుముందు రాబిన్‌గా ఉన్న జేసన్ టాడ్ కూడా దుడుకువాడే, మాట విననివాడే. 1988లో పాఠకుల ఫోన్ ఓట్లతో ఆ పాత్రని చంపేశారు. అతని డ్రెస్‌ని గుహలో గాజు పెట్టెలో పెట్టి గౌరవించారు. స్టెఫనీకి ఏ పెట్టీ లేదు. దీని మీద పాఠకులు, ముఖ్యంగా అమ్మాయిలు, ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నారు. 2008లో ఆమె బతికే ఉందని, డాక్టర్ లెస్లీ థాంప్‌కిన్స్ చావు నాటకం ఆడి ఆఫ్రికా తీసుకెళ్ళిందని కథ తిప్పారు. బ్యాట్‌మన్‌కి ముందే అనుమానం ఉంది, అందుకే పెట్టె పెట్టలేదన్నట్టు సర్దారు. నాకు ఆ సర్దుబాటు ఇప్పటికీ మింగుడుపడదు. కానీ ఆమె తిరిగొచ్చిందన్న సంతోషం ముందు అది చిన్నదే.

2009లో ఆమె బ్యాట్‌గర్ల్ అయింది. మీ అమ్మాయికి ముందు ఇదే ఇవ్వండి. బ్రయన్ క్యూ. మిల్లర్ రాసిన 24 సంచికలు, 2011 దాకా. కాలేజీలో కొత్తగా చేరిన పిల్ల, ఒకవైపు క్లాసులు, ఒకవైపు రాత్రి డ్యూటీ. పాత బ్యాట్‌గర్ల్ బార్బరా గోర్డన్ మొదట వద్దని కోప్పడి, తర్వాత తనే దగ్గరుండి నేర్పిస్తుంది. కొత్త డ్రెస్‌లో వంకాయ రంగు ఉంటుంది, చూడమనండి.

ఆమె చనిపోయే కథ, వార్ గేమ్స్, ఇంకో రెండు మూడేళ్ళు ఆగాక ఇవ్వండి. ఆ చిత్రహింసల పేజీలు మళ్ళీ చదివినప్పుడల్లా నేనే తిప్పేసి వెళ్ళిపోతాను.