పాత ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ నుంచి యూజర్లను, లాగిన్ స్క్రిప్టులను రాకీ 9కి మార్చడం

మీరు అడిగింది: సెంటోస్ 7 అనే పాత లైనక్స్ మీద ఉన్న ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌ని (అందరూ దూరం నుంచి లాగిన్ అయ్యే మెషీన్) రాకీ లైనక్స్ 9కి మార్చాలి, ఎవరూ పాస్‌వర్డ్ మళ్లీ పెట్టుకోనక్కర్లేదు, లాగిన్ స్క్రిప్టులూ పనిచేయాలి. సెంటోస్ 7కి 2024 జూన్ 30తోనే సపోర్ట్ ఆగిపోయింది, ఇంక వాయిదా వేయకండి. మా కాలేజీ ల్యాబ్‌లో ఇదే పని చేశాను కాబట్టి చెబుతున్నాను.

పాస్‌వర్డ్‌ల గురించి టెన్షన్ వద్దు. షాడో ఫైల్‌లోని హాష్‌లను (పాస్‌వర్డ్‌కు బదులు దాచిపెట్టే గుప్త రూపాలు) ఉన్నవున్నట్టు తెస్తే కొత్త సర్వర్ ఒప్పుకుంటుంది. కానీ పాస్‌వర్డ్, షాడో, గ్రూప్ ఫైళ్లను మొత్తంగా పాతవాటితో మార్చేయకండి. సిస్టమ్ అకౌంట్లకు కొత్త మెషీన్ వేరే నంబర్లు ఇచ్చి ఉంటుంది. యూఐడీ (యూజర్ నంబర్) 1000, ఆపైన ఉన్న లైన్లే తెచ్చి చివర చేర్చండి. ఇక్కడో మెలిక ఉంది. సెంటోస్ 7లో 65534 నంబర్ ఎన్‌ఎఫ్‌ఎస్‌నోబడీ అనే సిస్టమ్ అకౌంట్‌ది, రాకీ 9లో అదే నంబర్ నోబడీది. ఫిల్టర్‌లో అదీ వచ్చేస్తుంది, తీసేయండి. మనుషుల యూఐడీలు, జీఐడీలు (గ్రూప్ నంబర్లు) మాత్రం మార్చొద్దు. ఫైల్ ఎవరిదో డిస్క్ మీద రాసి ఉండేది పేరుతో కాదు, నంబర్‌తో.

అకౌంట్ల పని తొందరగానే అయిపోతుంది. అసలు సమయం తినేది స్క్రిప్టులే.

మా దగ్గర పాస్‌వర్డ్ కొట్టగానే కనెక్షన్ ఇలా తెరుచుకుని అలా మూసుకుపోయేది. అందరూ పాస్‌వర్డ్ తప్పనుకున్నారు. లాగిన్లు నమోదయ్యే సెక్యూర్ లాగ్ చూస్తే పాస్‌వర్డ్ ఒప్పుకున్నట్టే ఉంది. విషయం ఏమిటంటే, ఈటీసీ కింద ప్రొఫైల్ డాట్ డీ ఫోల్డర్‌లో ఎవరో ఎప్పుడో రాసిన స్క్రిప్ట్ ఒకటి, పాత ఎన్‌ఎఫ్‌ఎస్ మౌంట్ (నెట్‌వర్క్ మీదుగా కలిపిన ఫోల్డర్) కనిపించకపోతే ‘ఎగ్జిట్’ అంటోంది. ఆ ఫోల్డర్‌లోని స్క్రిప్టులు విడిగా నడవవు, యూజర్ షెల్‌లోనే (లాగిన్ అయ్యాక కమాండ్లు తీసుకునే ప్రోగ్రామ్) నడుస్తాయి. అందుకే ఎగ్జిట్ అనగానే షెల్లే పోతుంది. అక్కడ ‘రిటర్న్’ అని మారిస్తే సరిపోయింది. మీ స్క్రిప్టులన్నింట్లో ఎగ్జిట్ కోసం ముందే వెతకండి. పైథాన్ 2 వాడేవి కూడా ఏరిపెట్టండి, కొత్తదాంట్లో పైథాన్ 3 ఉంటుంది. బ్రాకెట్లు లేని ప్రింట్ లైన్ దగ్గరే ఆగిపోతాయి.

ఇంకొకటి: యూజర్ సొంత బాష్‌ఆర్‌సీలో (షెల్ మొదలవగానే చదివే ఫైల్) స్వాగతం మెసేజ్ ‘ఎకో’ చేస్తుంటే, అంటే తెరమీద చూపిస్తుంటే, ఎస్‌ఎఫ్‌టీపీ (ఎస్‌ఎస్‌హెచ్ మీద ఫైళ్లు పంపే పద్ధతి) విరిగిపోతుంది. మెసేజ్ మరీ పొడవుగా ఉందంటూ పెద్ద అంకెతో ఎర్రర్ వస్తుంది. ఆ స్వాగతం మెసేజ్‌లోని మొదటి నాలుగు అక్షరాలనే ప్యాకెట్ సైజుగా చదివేస్తుంది మరి. రాకీ 9లో ఎస్‌సీపీ (ఫైళ్లు కాపీ చేసే కమాండ్) కూడా మామూలుగా ఎస్‌ఎఫ్‌టీపీ మీదే నడుస్తుంది కాబట్టి అదీ ఆగుతుంది. షెల్ ఇంటరాక్టివ్ (ఎదురుగా మనిషి టైప్ చేసేది) అయితేనే ఎకో చేసేలా షరతు పెట్టించండి.

హోమ్ ఫోల్డర్లను ఆర్‌సింక్ అనే కాపీ టూల్‌తో న్యూమరిక్ ఐడీల ఆప్షన్ పెట్టి తెచ్చాక, ఫైళ్ల లేబుళ్లను సరిచేసే రీస్టోర్‌కాన్ తప్పకుండా నడపండి. ఎస్‌ఈలైనక్స్ (లైనక్స్‌లోని భద్రతా వ్యవస్థ) లేబుళ్లు సరిగా లేకపోతే పాస్‌వర్డ్‌తో లాగిన్ అవుతుంది, పాస్‌వర్డ్‌కు బదులు వాడే కీ ఫైల్‌తో అవ్వదు. పాత హోస్ట్ కీలను (సర్వర్ తన గుర్తింపుగా చూపే కీలు) కూడా తెచ్చుకోండి, లేదంటే ప్రతి ఒక్కరికీ సర్వర్ గుర్తింపు మారిందనే హెచ్చరిక వచ్చి మీ ఫోన్ మోగుతూనే ఉంటుంది. విండోస్‌లో ఎస్‌ఎస్‌హెచ్‌కు వాడే పుట్టీ 0.75 కంటే పాత వెర్షన్‌లో ఆర్‌ఎస్‌ఏ కీ వాడేవాళ్లకు మాత్రం లాగిన్ అవ్వదు, అవి పంపే పాత ఎస్‌హెచ్‌ఏ-1 పద్ధతి సంతకాలను రాకీ 9 ఒప్పుకోదు. వాళ్లను ముందే అప్‌డేట్ చేసుకోమనండి.

టెస్ట్ చేసేటప్పుడు రూట్‌తో కాకుండా మామూలు యూజర్‌తో చేయండి. చివరి ఆర్‌సింక్‌కు ముందు పాత సర్వర్‌లో ఈటీసీ కింద నోలాగిన్ అనే ఫైల్ పెడితే రూట్ తప్ప కొత్తగా ఎవరూ లోపలికి రారు. అప్పటికే లాగిన్ అయి ఉన్నవాళ్లను మాత్రం మీరే బయటకు పంపాలి.